నది దాటే తీగకు అంత ఎత్తెందుకు?

హైటెన్షన్ టవరు ఎంత ఎత్తుంటే దానిమీద అంత ఎక్కువ కరెంటు పోతుందన్న నమ్మకం జనంలో గట్టిగా పాతుకుపోయింది. 132 కిలోవోల్టుల తీగ నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తున, 400 కిలోవోల్టుల తీగ 8.84 మీటర్ల ఎత్తున ఉండాలన్నది మన దేశంలోని నిబంధన. అంటే వోల్టేజీ మూడింతలైనా పెరగవలసిన ఎత్తు మూడు మీటర్లయినా కాదు. మిగిలిన ఎత్తులో చాలా వరకు తీగల మధ్య ఎడం కోసం, తీగ బరువు కోసం.

రెండు ఆధారాల నడుమ కట్టిన తీగ ఎంత బిగించినా తన బరువుకు తానే కిందికి దిగుతుంది. ఈ దిగుడును ఇంజినీర్లు 'సాగ్' అంటారు. చేనేత పేటల్లో వీధి పొడవునా పడుగు సాచి గంజి పెట్టేటప్పుడు నడుమ నడుమ కర్రలు నిలపడం ఇందుకే. కర్రలు తీసేస్తే గంజి తడికి బరువెక్కిన పడుగు నేలను తాకుతుంది, తాకకుండా ఇంకా బిగిస్తే పోగులు తెగుతాయి, పోగులు ఓర్చుకున్నా చివరి గుంజలు పెళ్లగిలి వస్తాయి. తీగకూ ఈ మూడు గండాలూ ఉన్నాయి. మీటరుకు 2 కిలోల బరువుండే తీగను 400 మీటర్ల దూరంలోని రెండు టవర్లకు 3.5 టన్నుల బిగువుతో కడితే నడిమధ్యన 11 మీటర్లకు పైగా దిగుతుంది. అదే బిగువుతో దూరాన్ని రెట్టింపు చేస్తే దిగుడు రెట్టింపు కాదు, నాలుగింతలై 45 మీటర్లు దాటుతుంది.

నదిలో కర్ర నిలపడం ఖరీదైన పని. గంభీరావుపేట మండలంలో, నర్మాల ఎగువ మానేరు జలాశయానికి దిగువన, ఏరు ఇరుకుగా ఉన్నచోట మామూలు టవర్లే ఒక్క అంగలో దాటగలవు. రామగుండం నుంచి ఉత్తరాన చంద్రపూర్ వైపు పోయే 400 కిలోవోల్టుల లైన్లు మాత్రం గోదావరినే దాటాలి. అటువంటి వెడల్పాటి నదుల్లో ఇసుక కింద గట్టి నేల దాకా పునాది దించి టవరు నిలపడమో, ఒడ్డున ఉన్నవాటినే పెంచడమో తప్పదు. ఎత్తును కూడా ఎండాకాలపు ఇసుక మట్టం నుంచి కాక, అతి పెద్ద వరద మట్టం నుంచి లెక్కిస్తారు. నడుమ ఆధారమే పెట్టలేని చైనాలోని జౌషాన్ సముద్రపాయ మీద, 2010లో, సుమారు 2.7 కిలోమీటర్ల దూరాన్ని ఒకే అంగలో దాటించడానికి 370 మీటర్ల టవర్లు కట్టారు.

ఇంత ఎత్తున్న టవర్లు మబ్బులను చెదరగొట్టి వానను ఆపుతాయన్న మాట శుద్ధ కల్పన. పిడుగు పడవచ్చు, అయితే అన్నిటికంటే పైనుండే సన్నని ఎర్తు తీగ దానిని టవరు గుండా భూమిలోకి దింపుతుంది.

ఇక కరెంటు మోసే తీగ, అల్యూమినియం పోగుల నడుమ ఉక్కు పోగులు పేనినది, ఎండకూ, తనలో పారే కరెంటు వేడికీ సాగి, వేసవి మధ్యాహ్నం ఇంకా కిందికి వస్తుంది. ఇసుక టిప్పర్లు ఏట్లో తిరిగేదీ ఆ కాలంలోనే; తీగల కింద తొట్టి ఎత్తవద్దు, తాకకపోయినా దగ్గరికి చేరితే చాలు, కరెంటు గాలిలోంచి దూకుతుంది.