ఆకారం ఒకటే, వంశాలు వేరు

పాత నిద్రగన్నేరు మానో, ఎండుముఖం పట్టిన తురాయి చెట్టో కనిపిస్తే ఒకసారి మొదలు దగ్గర వంగి చూడండి. నేలకు జానెడెత్తులో, బెరడును చీల్చుకుని బయటికొచ్చిన అర్ధచంద్రాకారపు బల్ల ఒకటి ఉన్నా ఉండొచ్చు. పైభాగం ఎర్రగా, లక్క పూసినట్టు నిగనిగలాడుతుంది. ఇంకా పెరుగుతున్న అంచు మాత్రం తెల్లగా, కొంచెం మెత్తగా ఉంటుంది. అడుగుభాగం చూడ్డానికి తెల్లగా, నున్నగా ఉన్నా భూతద్దం పెడితే అదంతా రంధ్రాలే. మిల్లీమీటరు నిడివిలో నాలుగైదు పడతాయి. గోటితో గీస్తే గీసినచోటల్లా గోధుమరంగుకు తిరుగుతుంది. చుట్టూ రాలిన ఆకుల మీదా, దాని నెత్తిమీదా ముదురు గోధుమరంగు పొడి పేరుకుని ఉంటుంది. దారిలో గరికపోచ అడ్డొస్తే పక్కకు నెట్టదు, దాని చుట్టూ పెరిగి తనలో కలిపేసుకుంటుంది. అందుకే గట్టిపడ్డ బల్ల మధ్యలోంచి గడ్డిపోచ పైకి లేచి కనిపిస్తుంటుంది.

దీని పేరు గానోడెర్మా. తొలకరికి గడ్డిలో లేచి రెండు రోజుల్లో నీరుగారిపోయే పుట్టగొడుగులకు ఇదీ చుట్టమే. కానీ దీన్ని మాను నుంచి వేరుచేయాలంటే గొడ్డలి కావాలి. ఇలాంటివాటిని కొయ్య పుట్టగొడుగులందాం. వీటిని చూసినవాళ్లు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు: తినొచ్చా, మందుకు పనికొస్తుందా? అంతకంటే మంచి ప్రశ్న ఇంకొకటుందని నాకనిపిస్తుంది. పుట్టగొడుగుకు ఇంత గట్టిదనం దేనికి?

మనకు కనిపించే బల్ల శిలీంధ్రం మొత్తం కాదు, అది సిద్ధబీజాలను వెదజల్లే అవయవం, అంటే ఫలనాంగం మాత్రమే. అసలు శరీరం సన్నటి తంతువుల రూపంలో చెక్క లోపల పాకి ఉంటుంది. బల్ల బయటపడే నాటికి లోపల ఏళ్ల తరబడి పని జరిగిపోయి ఉండొచ్చు. బల్ల అడుగున కనిపించే ప్రతి రంధ్రం ఒక నిలువు గొట్టానికి నోరు. గొట్టం లోపలి గోడల నిండా సిద్ధబీజాలు తయారవుతాయి. ఒక్కో సిద్ధబీజం గోడ నుంచి చిటుక్కున ఎగిరి, మిల్లీమీటరులో పదోవంతు దూరమో ఇంకా తక్కువో పోయి, గొట్టం మధ్యలో ఆగి, అక్కడి నుంచి తిన్నగా కిందికి పడిపోతుంది. ఎదుటి గోడకు తగలకూడదు. తగిలితే అంటుకుపోతుంది, ఇక బయటపడదు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. గొట్టం లోతు సెంటీమీటరు, వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. బల్ల ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగిందంటే, గొట్టం పైకొస నుంచి బయల్దేరిన సిద్ధబీజం కింది నోటి దగ్గరికొచ్చేసరికి దాదాపు 0.17 మిల్లీమీటర్లు గోడవైపు జరిగినట్టే. మధ్య నుంచి గోడకున్న దూరం 0.1 మాత్రమే. అంటే పై భాగంలో పుట్టినవాటిలో ఎక్కువ భాగం వృథా. గాలికి ఊగినా, వానకు నాని వంగినా, పిట్ట వాలినా ఆ గొట్టాలు నిటారుగానే ఉండాలి. గట్టిదనం అందుకు.

వృథా కాకుండా చూసుకుంటే లాభమెంతో కెనడాలోని విన్నిపెగ్‌లో పనిచేసిన శిలీంధ్ర శాస్త్రవేత్త రెజినాల్డ్ బుల్లర్ లెక్కగట్టాడు. గానోడెర్మా అప్లనేటం జాతికి చెందిన ఒక పెద్ద బల్ల రోజుకు సుమారు 3,000 కోట్ల సిద్ధబీజాలను, అదీ ఆరు నెలలపాటు రాలుస్తుందని ఆయన అంచనా. అందులో ఏ ఒకటో రెండో సరైన చెక్కకు చేరితే చాలు.

చెట్టు కూలిపోతే? బల్ల చెట్టుతోపాటే అడ్డం తిరిగిపోతుంది, గొట్టాలు నేలకు సమాంతరంగా పడుకుంటాయి. గట్టిపడ్డ పాత భాగాన్ని తిప్పడం కుదరదు కాబట్టి, శిలీంధ్రం దాని మీదే కొత్త బల్లను సరైన కోణంలో మొలిపిస్తుంది. పడిపోయిన మానుల మీద ఒకదానికొకటి అడ్డంగా అతుక్కున్న జంట బల్లలు కనిపిస్తే, చెట్టు పడకముందు ఏది, పడ్డాక ఏది అని చెప్పేయొచ్చు.

ఒక్కోసారి బల్లే అక్కర్లేదు. చైనాలోని హైనాన్ దీవిలో 2010లో ఒక కూలిన ఓక్ మాను అడుగున ఫెల్లినస్ ఎలిప్సాయిడియస్ అనే జాతి ఫలనాంగం దొరికింది. పొడవు 10.85 మీటర్లు, వెడల్పు 82 నుంచి 88 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 500 కిలోలని అంచనా. మందం మాత్రం అయిదున్నర సెంటీమీటర్లు దాటలేదు. మాను అడుగుభాగమే నేలకేసి చూస్తోంది కదా, ఇక దానికి ముందుకు పొడుచుకురావలసిన పనేముంది? చెక్కకు అంటుకుని పరుచుకుంది, గొట్టాలు నిటారుగా దిగాయి. దాని దగ్గరి చుట్టాలు నిలబడ్డ చెట్లకు చక్కటి బల్లలు కడతాయి.

వర్గీకరణ చేసేవాళ్లు తలపట్టుకున్నది ఇక్కడే. ఆకారాన్ని నిర్ణయించేది వంశం కంటే ఎక్కువగా అవసరం. చెక్క మీద బతుకుతూ, ఎక్కువకాలం సిద్ధబీజాలు రాల్చాలనుకునే శిలీంధ్రాల్లో చాలావి చివరికి ఈ గొట్టాలకూ ఈ గట్టిదనానికీ వచ్చాయి. లినేయస్ 1753లో రంధ్రాలున్న పుట్టగొడుగులన్నిటినీ, మెత్తనివైనా గట్టివైనా, బొలీటస్ అనే ఒక్క ప్రజాతిలో పడేశాడు. తర్వాత స్వీడన్‌కే చెందిన ఎలియాస్ ఫ్రీస్ 1821 నుంచి వెలువరించిన మహాగ్రంథంలో అడుగున ఏముందన్నదే ప్రధానంగా చూశాడు. రేకులుంటే ఒక గుంపు, రంధ్రాలుంటే ఇంకొకటి, ముళ్లుంటే మరొకటి. అడవిలో కంటితో చూసి పేరు పెట్టేవాడికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. అందుకే వందేళ్లకు పైగా అదే చెలామణి అయింది. సులువే, కానీ చుట్టరికం మాత్రం అందులో తెలియదు.

సూక్ష్మదర్శిని కింద పెట్టాక కథ మారింది. ఫిన్లాండ్‌కు చెందిన కార్‌స్టెన్ 1881లో గానోడెర్మా ప్రజాతిని వేరుచేశాడు. ఫ్రెంచివాడు పాటుయార్ దాని సిద్ధబీజాలను పట్టించుకున్నాడు. వాటికి రెండు గోడలు, మధ్యలో చిన్న చిన్న స్తంభాలు, ఒక కొస కోసేసినట్టు మొద్దుగా ఉంటుంది. శిలీంధ్రాల్లో ఇది గానోడెర్మా కుటుంబానికి ముద్ర లాంటిది. మన దేశంలో సహాయరాం బోస్ 1918 నుంచి బెంగాల్ కొయ్య పుట్టగొడుగుల మీద వరుస వ్యాసాలు రాశారు. దెహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన బి.కె. బక్షి 1971లో భారతదేశపు జాతుల మీద పుస్తకమే వేశారు.

బల్లను లోపలి నుంచి చదవడం నేర్పినవాడు మాత్రం ఇ.జె.హెచ్. కార్నర్. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో ఉద్యోగం. పెద్ద చెట్ల కొమ్మల నుంచి నమూనాలు తెంపుకురావడానికి కోతులకు శిక్షణ ఇచ్చిన మనిషి. 1932లో ఆయన ఒక చిన్న ఉష్ణమండల జాతి ఫలనాంగాన్ని పీచుపీచుగా విడదీసి చూశాడు. అందులో మూడు రకాల తంతువులు కనిపించాయి. మొదటి రకం పలచటి గోడలతో జీవంతో ఉండి పెరుగుదలకూ సిద్ధబీజాలకూ ఆధారమయ్యేవి. ఇవి అన్ని పుట్టగొడుగుల్లోనూ ఉంటాయి. రెండోవి మందపాటి గోడలతో, దాదాపు బోలు లేకుండా పొడుగ్గా సాగేవి. మూడోవి పొట్టివి, మెలికలు తిరిగి కొమ్మలేసి మిగతావాటిని బిగించి కట్టేసేవి. తొలకరి పుట్టగొడుగులో మొదటి రకమే ఉంటుంది, అందుకే అది అంత మెత్తన. గానోడెర్మాలో మూడూ ఉంటాయి. గొడ్డలికి తగిలే గట్టిదనమంతా రెండో, మూడో రకాలదే.

డీఎన్ఏ వచ్చాక పాత గుంపులు చెల్లాచెదురయ్యాయి. గానోడెర్మా పాలీపోరేల్స్ అనే క్రమంలో మిగిలింది. అచ్చం దానిలాగే బల్లలు కట్టే ఫెల్లినస్ వేరే క్రమానికి పోయింది. శీతల దేశాల్లో పైన్ చెట్ల వేళ్లను తినే హెటిరోబాసిడియాన్‌కు దగ్గరి చుట్టం ఎవరంటే, నేలమీద రేకులతో మొలిచే మెత్తటి రుసులా పుట్టగొడుగులు! మరోవైపు, ఎండు మొద్దుల మీద రేకులతో గొడుగులా లేచే లెంటినస్ గానోడెర్మా ఉన్న క్రమంలోనే ఉంది. రంధ్రాలు, రేకులు అనే తేడా శిలీంధ్రాల చరిత్రలో పలుమార్లు అటూ ఇటూ మారిందన్నమాట. ఫెల్లినస్ గుంపును పట్టుకోవడానికి డీఎన్ఏ కూడా అక్కర్లేదు. లోపలి తుప్పురంగు కండ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే నల్లబడుతుంది.

తిండి తినే తీరులోనూ తేడాలున్నాయి. చెక్కలో ప్రధానంగా సెల్యులోజ్ పీచు, దాన్ని బిగించి పట్టే లిగ్నిన్ ఉంటాయి. లిగ్నిన్‌ను విరగ్గొట్టగల జీవులు చాలా తక్కువ. గానోడెర్మా వంటివి ఎంజైములతో లిగ్నిన్‌ను కూడా కరిగిస్తాయి. మిగిలిన చెక్క తెల్లబడి, పీచుపీచుగా, తడి స్పాంజిలా తేలిపోతుంది. దీన్ని తెల్ల కుళ్లు అంటారు. ఇంకొన్ని జాతులు హైడ్రోజన్ పెరాక్సైడుకు ఇనుమును జోడించి సెల్యులోజ్‌ను ముక్కలు చేసి లాక్కుంటాయి, లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తాయి. ఆ చెక్క గోధుమరంగుకు తిరిగి, పాచికల్లా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. 31 శిలీంధ్రాల జన్యుపటాలను పోల్చి 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, లిగ్నిన్‌ను విరగ్గొట్టే ఎంజైములు సుమారు 29 కోట్ల ఏళ్ల కిందట తలెత్తాయి. గోధుమ కుళ్లు జాతులు తర్వాత వేర్వేరు వంశాల్లో ఆ జన్యువులను వదిలించుకుని పుట్టాయి. బొగ్గు పొరలు ఏర్పడటం ఆగిపోయింది తెల్ల కుళ్లు శిలీంధ్రాల వల్లేనని అప్పట్లో గట్టిగా ప్రచారమైంది. భూగర్భ ఆధారాలను చూపించి దాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఆ రెండో పక్షమే సబబుగా తోస్తుంది.

చెక్క కుళ్లడమంటే చెట్టుకు చావని అనుకోనక్కర్లేదు. చేవ ఎలాగూ జీవం లేని భాగమే. సండ్ర చేవను తినే ఫెల్లినస్ బేడియస్ వంటివి కలప వ్యాపారికి నష్టం తెస్తాయేమో గాని, పైపొర బాగున్నంత కాలం చెట్టు చిగురిస్తూనే ఉంటుంది. మెత్తబడ్డ చోట వడ్రంగిపిట్ట తొలుస్తుంది, ఆ తొర్రలోకి తర్వాత చిలకో మైనానో చేరుతుంది. మొదలునూ వేళ్లనూ పట్టే గానోడెర్మా సంగతి వేరు. పైన కొమ్మలన్నీ పచ్చగా ఉండగానే కింద పట్టు పోతుంది, ఈదురుగాలికి మాను మొత్తం ఒరిగిపోతుంది. వీధిలో చెట్ల మొదట్లో ఈ బల్లలు కనిపిస్తే మునిసిపాలిటీకి చెప్పడం మంచిది.

ఇక మందు సంగతి. చైనాలో లింగ్‌ఝీ, జపాన్‌లో రేషి పేరుతో వాడే గానోడెర్మాను చాలాకాలం గానోడెర్మా లూసిడం అన్నారు. అందులో లూసిడం అనే మాట 1781లో ఇంగ్లండులో విలియం కర్టిస్ లండన్ దగ్గర దొరికిన నమూనాకు పెట్టింది. చైనా జాతి అది కాదని తేల్చి 2012లో దానికి గానోడెర్మా లింగ్‌ఝీ అని వేరే పేరు పెట్టారు. ఆ పేరు మీదా తగువు నడిచింది. అదే ఏడాది కాక్రేన్ సమీక్ష, క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా దీన్ని వాడటానికి తగిన ఆధారాల్లేవని చెప్పింది. మన ఊళ్లలో గొలుసుకట్టు పద్ధతిలో గానోడెర్మా కాఫీ అమ్మేవాళ్లు ఈ రెండు సంగతులూ చెప్పగా నేను వినలేదు.

గానోడెర్మా వల్ల తోటల్లోనూ నష్టం వస్తుంది. కొబ్బరిలో అది తెచ్చే మొదలు కుళ్లు తెగులు మన కోస్తాలోనూ ఉంది. తమిళనాట 1952 తుఫాను తర్వాత తంజావూరు ప్రాంతంలో గుర్తించడంతో దాన్ని తంజావూరు తెగులనే పిలిచారు. ముందు వెలుపలి మట్టలు పసుపుబారి వేలాడతాయి, మొదట్లో పగుళ్లలోంచి ఎర్రటి బంక కారుతుంది, బల్ల చివర్లో వస్తుంది, కొన్ని చెట్లకు చచ్చేదాకా రానేరాదు. వేళ్లు వేళ్లు తగిలి పక్క చెట్టుకు పాకుతుంది. మలేషియా, ఇండోనేషియాల ఆయిల్‌పామ్ తోటలను పట్టి పీడించేది గానోడెర్మా బోనినెన్స్, పాటుయార్ 1889లో పేరు పెట్టిన జాతి. అక్కడ తేలిందేమంటే, కొబ్బరి తోట కొట్టేసి మొద్దులను నేలలోనే వదిలేసి ఆయిల్‌పామ్ వేసినచోట తెగులు ఎక్కువగా, తొందరగా వచ్చింది. గోదావరి జిల్లాల్లోనూ, ఇప్పుడు తెలంగాణలోనూ ఆయిల్‌పామ్ వేస్తున్నవాళ్లు ముందు చూసుకోవలసింది పాత మొద్దులనే. బల్లను తన్ని పడగొడితే సరిపోదు. కూలిన చెట్టు మొదలును వేళ్లతో సహా తవ్వి తీసేయాలి, తెగులున్న చెట్టు చుట్టూ కందకం తీసి వేళ్లు కలవకుండా చేయాలి, ఆ చెట్టు పాదులో పెట్టిన నీరు పక్క పాదుకు పారనీయకూడదు, మిగిలిన చెట్లకు వేపపిండితో కలిపి ట్రైకోడెర్మా వేయాలి.