సిగ్గును దాటిన ప్రకటన: బ్రిటన్ విశ్వవిద్యాలయాలలో రొమ్ము క్యాన్సర్ అవగాహన

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్.హెచ్.ఎస్. సాధారణంగా 50 నుండి 71 ఏళ్ల లోపు మహిళలను మూడేళ్లకొకసారి రొమ్ము ఎక్స్‌రే పరీక్షకు పిలుస్తుంది. ఇరవై ఏళ్ల విద్యార్థినికి ఆ పిలుపు రాదు. ఆ వయసులో ఈ వ్యాధి అరుదు. పైగా కణజాలం దట్టంగా ఉండటం వల్ల ఎక్స్‌రేలో గడ్డ స్పష్టంగా కనిపించదు. కనుక శరీరంలోని మార్పును మొదట గుర్తించవలసినది ఆమే. కానీ తనకు ఆ జబ్బు రాదనే నమ్మకంతో ఉన్న యువతికి ఈ మాట చెప్పడం ఎలా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన వ్యక్తి క్రిస్ హలెంగా. రొమ్ములో గడ్డ కనిపించినప్పుడు అది హార్మోన్ల మార్పేనని వైద్యులు మొదట భావించారు. 2009లో, 23 ఏళ్ల వయసులో, ఆమెకు నాలుగవ దశ రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు నిర్ధారణ అయింది. అదే సంవత్సరం ఆమె కవల సోదరి మారెన్‌తో కలిసి ‘కాపాఫీల్’ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు.

సంస్థ పేరే తొలి ప్రకటన. ఇతరుల శరీరాన్ని అసభ్యంగా తడమడాన్ని సూచించే ఆంగ్ల వాడుక మాటను తీసుకుని, ‘నీ శరీరాన్ని నీవే తాకి తెలుసుకో’ అనే అర్థం వచ్చేలా మలిచారు. ఆ పేరు విన్నవారు ముందు నవ్వుతారు. నవ్విన తరువాత సంభాషణకు సిగ్గు అడ్డురాదు. విశ్వవిద్యాలయాలలో శిక్షణ పొందిన విద్యార్థి బృందాలే ఈ ప్రచారం సాగిస్తాయి. రొమ్ము ఆకారంలోని భారీ వేషాలు ధరించి తోటివారిని పలకరిస్తాయి. స్నానాల గదులలో అంటించే స్టిక్కర్లు, నెలకొకసారి ఫోనుకు వచ్చే సందేశాలు ఈ ప్రచారంలో మరికొన్ని సాధనాలు. గోడపత్రిక చూసి మరచిపోయే విషయాన్ని, సబ్బు చేతిలో ఉన్న క్షణంలోనే గుర్తుచేయడం స్టిక్కరులోని ఉపాయం. 2018లో పగటిపూట టెలివిజన్‌లో స్త్రీ చనుమొనను చూపిన ప్రకటన కూడా ఈ సంస్థదే. దాచవలసినదిగా భావించే అవయవాన్ని ఆరోగ్యానికి సంబంధించిన అంశంగా చూపడం దాని ఉద్దేశం.

అయితే ఇటువంటి ప్రచారానికి ఒక హద్దు ఉంది. షాంఘైలో 2,66,000కు పైగా మహిళా కార్మికులపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, నిర్ణీత పద్ధతిలో స్వయంపరీక్ష నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదు. హానిలేని గడ్డలకు చేసిన పరీక్షలు మాత్రం పెరిగాయి. అందువల్ల నేడు కఠినమైన పరీక్షావిధానం కంటే ‘నీకు సహజమైనది ఏదో తెలుసుకో, మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకు’ అనే బోధకే ప్రాధాన్యం. గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోనికి ముడుచుకొనడం, దాని నుండి స్రావం, ఆకారంలో తేడా — ఇవి గమనించవలసిన మార్పులు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. భయపెట్టే ప్రకటన విద్యార్థిని దూరం చేస్తుంది. భయం లేకుండా వైద్యుని గుమ్మం ఎక్కించే ప్రకటనే ప్రయోజనకరం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి బ్రిటన్‌కు చదువుకు వెళ్లే యువతులకు ఈ మాట మరింత వర్తిస్తుంది. వీసాతోపాటు విద్యార్థులు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము చెల్లిస్తారు. స్థానిక వైద్యుని వద్ద పేరు నమోదు చేసుకుంటే సంప్రదింపునకు వేరే ఖర్చు ఉండదు. అయినా అమ్మతో కూడా చెప్పుకోలేని విషయాన్ని పరాయి దేశపు వైద్యునికి చెప్పడానికి సంకోచం అడ్డుపడుతుంది. ఆ సంకోచాన్ని తొలగించే మాట వారి సొంత భాషలో, తోటి విద్యార్థిని నోట వినిపించాలి.

హలెంగా 2024 మే నెలలో, 38 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నాలుగవ దశ వ్యాధితో ఆమె గడిపిన పదిహేనేళ్లు, తనకు సకాలంలో అందని ఒక హెచ్చరికను ఇతరులకు అందించడానికే వెచ్చించారు.