చీమను పోల్చుకొనుట ఎట్లు?

అరకులోయ కాఫీతోటలలో పండ్లకోతకు వెళ్ళినవారిని కరచునదియు ఎర్రచీమయే. ఇంటిముంగిట పాదమును మండించునదియు ఎర్రచీమయే. పేరొక్కటైనను ఇవి వేర్వేరు జాతులు. కనుక పంచాయతీ సభ్యులు చీమను రంగునుబట్టి గాక దేహనిర్మాణమునుబట్టి పోల్చుకొనవలెనని మా మనవి. ఇందుకు ఒక చిన్న భూతద్దము చాలును.

మొదట నడుము చూడవలెను. చీమ రొమ్మునకును పొట్టకును మధ్య సన్నని కాడ యుండును. చెట్లపై ఆకులను కలిపి గూడుకట్టు పెద్ద ఎర్రచీమకు ఆ కాడపై ఒకటే కణుపు. దానికి కొండి లేదు; దవడలతో కరచి, గాటుపై ఫార్మిక్ ఆమ్లమును చిమ్మును. నేలలో నివసించు చిన్న మంటచీమకు రెండు కణుపులు, కొండియు గలవు. అట్లని ఒక కణుపున్నదెల్ల కుట్టదనుకొనరాదు. 1851లో దక్షిణదేశపు చీమలను వర్ణించిన జెర్డన్ అను వైద్యుడు పేర్కొన్న గెంతుచీమకు కణుపొకటే, కొండి మాత్రము గట్టిది.

పిదప మీసములు. చీమ మీసము మోచేతివలె వంగియుండును. తొలకరికి దీపముచుట్టు మూగు ఉసుళ్ళకు అది పూసలదండవలె తిన్నగా నుండును, నడుమును సన్నగిల్లదు. అవి చీమలు కావు, చెదలు. మంటచీమ మీసమున పది గణుపులు, చివరి రెండును గదవలె లావు. వీనిని లెక్కించుటకు కొంత ఓపిక కావలెను! పొట్ట హృదయాకారముననుండి, బెదరినప్పుడు దానిని వీపుమీదికెత్తునది మరియొక జాతి.

ఈ గుర్తుల ప్రయోజనము తోటలో తెలియును. ఆకుగూటి చీమ గొంగళిపురుగులను వేటాడును. కాని తేనెబంక కొరకు పొలుసుపురుగులను, పిండినల్లిని కాపాడును. కావున మామిడి, పనసలపై దానిని ఉండనిచ్చి, కాఫీమొక్కపై గూటిని మాత్రము తీసివేయుట యుక్తమని మా అభిప్రాయము. వేకువచలిలో చీమలు మందముగా కదలును గనుక అప్పుడు కొమ్మతోసహా కోయవచ్చును. కాఫీని తాకు నీడచెట్ల కొమ్మలు చీమలకు వంతెనలు, వానిని కత్తిరింపవలెను. తోటంతయు పురుగుమందు చల్లినచో మేలుచేయు పురుగులును చచ్చును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి అది తగదు. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో ఈ చీమతోనే చేయు పచ్చడికి 2024లో అట్టి గుర్తింపే లభించినది!

పోల్చుట కష్టమైనచో నాలుగైదు చీమలను స్పిరిటుగల సీసాలో వేసి, ఏ చెట్టుపైనో నేలపైనో దొరికినది, ఏ తేదీన దొరికినది చీటీపై వ్రాసి, ఆర్.వి. నగర్‌లోని కాఫీ ప్రాంతీయ పరిశోధన కేంద్రమువారికి గాని చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రమువారికి గాని చూపవచ్చును.