మీకు తెలుసా? స్టార్ట్ కాని కారు చప్పుడుతోనే జబ్బు చెబుతుంది

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడును బట్టే కారు ఎందుకు మొరాయిస్తోందో సగం తెలిసిపోతుంది. టకటకమని వరసగా కొట్టుకుంటూ డాష్‌బోర్డు లైట్లు మసకబారితే చాలావరకు బ్యాటరీ దిగిపోయినట్టే. ఒక్కసారి టక్కుమని ఆగి, లైట్లు మాత్రం బాగా వెలుగుతుంటే స్టార్టర్ మోటారును అనుమానించాలి. ఇంజను చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే పెట్రోలు అందడం లేదు, లేదా స్పార్కు పడడం లేదు. డీజిల్ బండికి స్పార్కు ప్లగ్గులే ఉండవు; అక్కడ ఫిల్టరును, ఇంధన గొట్టంలో చేరిన గాలిని చూడాలి.

తరచుగా దోషి బ్యాటరీయే. నిండుగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపిన కొన్ని గంటల తర్వాత, సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. బాగేపల్లి తాలూకాలోని పాతపాళ్య వైపు చలికాలపు తెల్లవారుజామున బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. నిజానికి బ్యాటరీ ఆయుష్షును తినేసేది ఎండాకాలపు వేడి. చలి ఆ సంగతి బయటపెడుతుంది, అంతే. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని శుభ్రం చేసి, వదులైన క్లాంపును బిగిస్తే ఒక్కోసారి ఖర్చు లేకుండానే పని జరిగిపోతుంది.

మరో బండి నుంచి జంపర్ కేబుళ్లు కలిపేటప్పుడు ఎర్ర తీగను ముందు తగిలించాలి. నల్ల తీగ చివరి కొసను దిగిపోయిన బ్యాటరీకి కాక, దూరంగా ఇంజను ఇనుముకు పెట్టాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు.

తోసి స్టార్ట్ చేయడం మామూలు గేర్ల బండికే, అదీ రెండో గేరులో. ఇప్పటి ఆటోమేటిక్ కారును ఊరంతా కలిసి తోసినా ఇంజను తిరగదు.