డిస్కు భాగములు – హద్దుల తగవు



మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో భూమి పంపకమెట్లు జరుగునో తమకు నేను చెప్పనక్కరలేదు. ఒక సర్వే నంబరును అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు ఉపనంబర్లు పడును; హద్దురాళ్లు నాటుదురు; పహాణీలో క్రొత్త వివరములెక్కును. 1984లో పట్వారీ పదవి రద్దగుటకు ముందును, తరువాతను ఈ నియమమొక్కటే. రాయి యొకచోట, వ్రాత వేఱొకచోట నున్నచో తగవు పుట్టును. భూమి మాత్రమెక్కడికిని పోదు. కంప్యూటరులోని డిస్కు సంగతియు నిట్టిదే.

నేడు మన పిల్లలు పట్టా కాగితముల ప్రతులను, పెండ్లి ఫోటోలను అందులోనే దాచుచున్నారు. ఆ యంత్రమును నడుపు వ్యవస్థలలో లినక్సు ఒకటి. దీనిని 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. డిస్కును విభజించిన భాగములకు పార్టిషనులని పేరు. ఏ భాగమెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలుపు పట్టిక డిస్కు మొదట నుండును. అదియే దాని పహాణీ. 1983 నాటి పాత పద్ధతిలో నాలుగు ప్రధాన భాగములకే చోటు. క్రొత్తదగు జీపీటీ పద్ధతిలో సాధారణముగ 128 భాగములకు చోటు కలదు. పట్టికకు నకలొకటి డిస్కు చివర నుండును.

భాగములను మార్చిన పిదప యంత్రము 90 సెకనులు నిరీక్షించి, అత్యవసర స్థితిలో నిలిచిపోవుట కలదు. ఏ భాగమునెచ్చట కలుపవలెనో తెలుపు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను దస్త్రములో పాత గుర్తు మిగిలిపోవుటయే తఱచు కారణము. భాగమును మరల ఫార్మాటు చేసినచో దాని యూయూఐడీ అను గుర్తు మారును. బీఎల్‌కేఐడీ అను ఆజ్ఞచే క్రొత్త గుర్తును తెలిసికొని దస్త్రమును దిద్దవలెను. ఇది మ్యుటేషను చేయించుట వంటిది.

భాగమును తగ్గింపవలెనన్న ముందు లోపలి ఫైళ్ల వ్యవస్థను కుదించి, పిమ్మట హద్దు జరుపవలెను. పెంచవలెనన్న ముందు హద్దు, పిమ్మట లోపలిది. ఈ వరుస తప్పినచో ఫైళ్లు చెడును. పంట తీయకమునుపే గట్టు జరిపినచో గింజ నష్టమగును గదా!

ఇక భాగమే కనబడకున్నచో, ‘ఫార్మాటు చేసిన సరిపోవు’ననువారి మాట వినరాదు. పట్టిక చెడినను లోపలి వ్రాతలు తఱచుగా నిలిచియుండును. ఆ డిస్కుపై నేమియు వ్రాయక, ముందు దాని నకలును వేఱొక డిస్కుపైకి తీయించి, టెస్ట్‌డిస్కు అను ఉచిత సాధనముతో పాత హద్దులను వెదకింపవలెను.

హద్దు చెరిగిన పొలమును కొలిపింపకయే దున్నించువాడు తన సాక్ష్యమును తానే చెరుపుకొనును. డిస్కు విషయమునను ఈ జాగ్రత్తయే ఇంటి పత్రములను కాపాడును.