తాళం పడింది దొంగకు కాదు, కొన్నవాడికి!

డబ్బిచ్చి సరుకు కొన్న మనిషిని గుమ్మంలో ఆపి జేబులు తడిమితే మళ్ళీ ఆ అంగడి గడప తొక్కుతాడా? తొక్కడు. వీడియో గేముల వ్యాపారంలో ఈ సంగతిని అనుభవంతో తెలుసుకున్న సంస్థ ఒకటి పోలెండ్ దేశంలో ఉంది.

1990వ దశకం తొలినాళ్ళలో ఆ దేశ రాజధాని వార్సాలో దొంగ కాపీల అమ్మకం బాహాటంగా సాగేది. పాత క్రీడా మైదానం ఒకటి పెద్ద సంతగా మారి, అక్కడ గేములు చౌకగా దొరికేవి. కంప్యూటర్ ప్రోగ్రాములకు రక్షణ ఇచ్చే చట్టం 1994లో గాని రాలేదు. అదే ఏడాది ఇద్దరు మిత్రులు, మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ, సీడీ ప్రొజెక్ట్ అనే సంస్థను పెట్టారు.

ధర తగ్గించి దొంగతో పోటీ పడలేమని వారికి తెలుసు. అందుకే 1999లో 'బాల్డర్స్ గేట్' గేమును అమ్మేటప్పుడు వేరే దారి పట్టారు. మాటలన్నీ పోలిష్ భాషలోకి మార్చి, పేరున్న నటులతో చెప్పించారు. పెట్టెలో ఆట సీడీలతో పాటు పటం, నియమాల పుస్తకం, పాటల సీడీ పెట్టారు. దొంగ కాపీలో ఇవేవీ రావు. మొదటి రోజే 18,000 పెట్టెలు అమ్ముడుపోయాయి.

2008లో ఇదే సంస్థ 'గాగ్' అనే అమ్మకపు కేంద్రాన్ని ఇంటర్నెట్‌లో తెరిచింది. అందులో అమ్మే గేములకు కాపీ నిరోధక తాళం ఉండదు.

అయినా ఒకసారి సంస్థ తడబడింది. 2011 మేలో విడుదలైన తన సొంత గేము 'విచర్ 2' డిస్కులకు తాళం వేసింది. దొంగలు దాన్ని తేలికగానే విరిచేశారు. ఇబ్బంది పడింది డబ్బు పెట్టి కొన్నవారే. తప్పు గ్రహించిన సంస్థ ఆ నెలలోనే తాళం తీసేసింది. తీశాక ఆట వేగం పెరిగిందని కూడా ప్రకటించింది.

ఆ ఏడాదే జర్మనీలో, గేమును దొంగతనంగా దింపుకున్నారన్న అనుమానంతో కొందరికి డబ్బు కట్టమని లాయరు నోటీసులు వెళ్ళాయి. తప్పు చేయనివారికీ వచ్చాయన్న ఫిర్యాదులు పెరగడంతో, 2012 జనవరిలో సంస్థ వాటినీ ఆపేసింది.

దొంగ కాపీలు ఆగాయా? ఆగలేదు. అయితే వాడికగా కొనేవారు నిలిచారు. 2015లో వచ్చిన 'విచర్ 3' గాగ్‌లో తాళం లేకుండానే అమ్మకానికి వచ్చింది. అన్ని అంగళ్ళలో కలిపి 2023 నాటికి 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. తాళం లేని చోట కూడా డబ్బిచ్చి కొనేవారు ఉన్నారన్నమాట.