రోజుకో వాక్యం రాయించే వైద్యం

ఎముక మజ్జ మార్పిడి వార్డు. పొద్దున్నే నర్సు వచ్చి జ్వరం చూస్తుంది, బీపీ చూస్తుంది. ఆ తర్వాత రోగి చేతికి కాగితం, పెన్ను ఇచ్చి ఒక్క వాక్యం రాయమంటుంది. ‘నేను మా ఇంటికి వెళ్లాలి’ అని రాసినా సరే, ‘ఈ రోజు సోమవారం’ అని రాసినా సరే. తెలుగులో రాసినా సరే. వంద నుంచి పదేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమంటుంది. గడియారం చూపించి ఇదేమిటని అడుగుతుంది. పెద్దవాళ్లకు ఇదంతా ఒకటో తరగతి పరీక్షలా ఉంటుంది. కానీ నిన్న గుండ్రంగా ఉన్న అక్షరాలు ఈ రోజు వంకర్లు పోయాయంటే డాక్టర్లు పరుగున వస్తారు. చికిత్స ప్రభావం మెదడు మీద పడుతోందని ఒక్కోసారి అందరికంటే ముందు చెప్పేది ఆ చేతిరాతే.

ఆ చికిత్స పేరు కార్-టి. ఇందులో మందు రోగి ఒంట్లోంచే వస్తుంది. తెల్లరక్త కణాల్లో టి-కణాలని ఒక జాతి. ఒంట్లోకి చొరబడిన వైరస్‌లనూ, చెడిపోయిన కణాలనూ చంపడం వాటి పని. రక్త క్యాన్సర్ కణాలు మాత్రం వాటి కళ్లు గప్పి తిరుగుతుంటాయి. ఇంట్లో మనిషే దొంగయితే కుక్క మొరగదు కదా! అందుకని టి-కణాలకు కొత్తగా వాసన పట్టడం నేర్పుతారు. లుకేమియా, లింఫోమాల్లో చాలా రకాలు బి-కణాల్లో పుడతాయి. వాటి ఒంటి మీద సీడీ19 అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టే గ్రాహకం తాలూకు జన్యువును, హాని చేసే భాగాలు తీసేసిన ఒక వైరస్ వీపున ఎక్కించి టి-కణాల్లోకి పంపిస్తారు. ఇలాంటి కృత్రిమ గ్రాహకాన్ని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్హార్ బృందం 1989లోనే తయారుచేసి చూపింది. అది మనిషి ప్రాణం కాపాడే దాకా రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పైగా పట్టింది.

2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు ఈ కణాలు ఎక్కించారు. అప్పటికే లుకేమియా ఆ పాపకు రెండుసార్లు తిరగబెట్టింది. ఈ చికిత్స పొందిన తొలి చిన్నారి ఆమే. కొద్ది రోజుల్లోనే జ్వరం మండిపోయి, ఊపిరికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. టి-కణాలు క్యాన్సర్ మీద విరుచుకుపడుతుంటే ఒంట్లో ఎగదన్నిన రసాయనాలే పాప ప్రాణం మీదికి తెచ్చాయి. వాటిలో ఐఎల్-6 అనేది విపరీతంగా పెరిగినట్టు రక్తపరీక్షలో తేలింది. ఈ పరిశోధనకు సారథి అయిన కార్ల్ జూన్ కూతురికి చిన్నప్పటి నుంచీ కీళ్లవాతం. అందువల్ల ఐఎల్-6ను అణిచే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు ఒకటుందని ఆయనకు తెలుసు. అది ఇచ్చాక జ్వరం దిగింది. తన ఏడో పుట్టినరోజున ఎమిలీ కళ్లు తెరిచింది. తన బిడ్డ కోసం ఒక తండ్రి తెలుసుకున్న సంగతి పరాయి బిడ్డను నిలబెట్టింది. ఈ వైద్య చరిత్ర మొత్తంలో నన్ను కదిలించే ఘట్టం ఇదే.

2017లో అమెరికా ఆ చికిత్సను కిమ్రియా పేరుతో ఆమోదించింది. ధర 4,75,000 డాలర్లు. అప్పటి మారకంలో మూడు కోట్ల రూపాయలు.

ముంబయి ఐఐటీలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు హస్ముఖ్ జైన్, గౌరవ్ నరూలా చేతులు కలిపింది ఈ ధర దగ్గరే. ఖరీదైన వైరస్ వాహకాన్ని వాళ్లు దిగుమతి చేసుకోలేదు, ఇక్కడే తయారుచేశారు. 2021 జూన్ 4న టాటా మెమోరియల్ సెంటర్‌లో తొలి రోగికి కణాలు ఎక్కించారు. నెక్స్‌కార్19 పేరుతో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని దేశానికి అందించారు. పరీక్షల్లో 64 మందికి ఇస్తే, ఫలితం అంచనా కట్టగలిగినవారిలో దాదాపు 73 శాతం మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. వారిలోనూ కొందరికి తిరగబెట్టింది. దీన్ని అందరికీ నయంచేసే సంజీవనిగా ఎవరైనా చెబితే నమ్మకండి. మామూలు చికిత్సలన్నీ అయిపోయి, ఇంటికి తీసుకెళ్లండి అనిపించుకున్నవాళ్ల మీద వచ్చిన ఫలితమిది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి.

చికిత్స చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. డయాలసిస్ యంత్రంలాంటి దాని పక్కన కొన్ని గంటలు పడుకోబెట్టి టి-కణాలు వేరుచేసి తీస్తారు. ల్యాబ్‌లో వాటిని మార్చి, కోట్లలో పెంచి, గడ్డకట్టించి వెనక్కి పంపడానికి వారాలు పడుతుంది. వాటిని ఎక్కించే ముందు మూడు రోజులు కీమో. ఆ తర్వాత ఓ చిన్న సంచి, సెలైన్ ఎక్కించినట్టే కొద్ది నిమిషాల్లో ఎక్కించేస్తారు. కణాలు పాడవకుండా కలిపిన ద్రావణం వల్ల గదిలో వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. ఇంతకాలం ఎదురుచూసిన మందు ఇంతేనా అని పక్కన కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. అసలు కథ ఆ తర్వాతి రోజుల్లో మొదలవుతుంది: జ్వరం, ఐసీయూ భయం, పొద్దున్నే ఆ కాగితం, పెన్ను. బయటపడ్డాక కూడా మంచి బి-కణాలు పోయి ఉంటాయి కాబట్టి ఇన్ఫెక్షన్లతో నెలల తరబడి జాగ్రత్త తప్పదు.

బెంగళూరు ఇమ్యునీల్ సంస్థ 2025 జనవరిలో దేశంలో రెండో కార్-టి తెచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా మల్టిపుల్ మైలోమా అనే మరో రక్త క్యాన్సర్ మీద పనిచేసే కార్-టి హక్కులను 2021లోనే చైనా సంస్థ ప్రీజీన్ నుంచి తీసుకుంది.

అయినా విడుదలైనప్పుడు నెక్స్‌కార్19 ధర నలభై లక్షల అటూ ఇటూ ఉంది. అప్పటికి పెరిగిన డాలరు విలువతో చూస్తే అమెరికా ధరలో దాదాపు పదో వంతేనని మనం గర్వపడొచ్చు. రెండెకరాల రైతుకు మాత్రం అది పొలమూ, ఇల్లూ అమ్మినా పుట్టని డబ్బు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. రెండూ ఈ ఖర్చుకు చాలవు. పైగా కీమో మీద కీమో ఇచ్చి ఆఖరున పంపితే టి-కణాల్లోనే సత్తువ ఉండదు. డబ్బు కూడేదాకా ఆగడమంటే ఆ సత్తువను పోగొట్టుకోవడమే.

ఈ చికిత్సకు రెండు రాష్ట్రాలూ విడిగా నిధి పెట్టాలి. తయారీదార్లతో కలిసి కూర్చుని టోకు ధర మాట్లాడాలి. లుకేమియా, లింఫోమా తిరగబెట్టిన రోజునే రోగిని కార్-టి చేసే కేంద్రానికి చూపించమని జిల్లా ఆసుపత్రులకు చెప్పాలి. మీ ఇంట్లో అలాంటి రోగి ఉంటే ప్రభుత్వం కోసం ఆగకండి. ‘మావాడికి కార్-టి పనికొస్తుందా?’ అని రేపే మీ డాక్టర్ని అడగండి.